ఒకే గొంతులో రెండు స్వరాలు: త్రోట్ సింగింగ్, పూనకం, ఆడ గొంతు-మగ గొంతు

హెడ్‌ఫోన్స్ ఉంటే ముందు అవి పెట్టుకోండి. ఈ ఎపిసోడ్ ఫోన్ స్పీకర్‌లో వింటే సగం వినపడదు. ఎందుకో కాసేపట్లో మీకే అర్థమైపోతుంది.

(వీడియోలో ఇక్కడ ఒక చిన్న ఆడియో క్లిప్ ఉంది.)

విన్నారా? కింద ఎవరో పెద్దాయన గురగురమంటున్నట్టు ఉంది. పైన సన్నగా ఈల. మధ్యలో ఒక పక్షి అరిచింది, తర్వాత పసిపిల్ల ఏడ్చినట్టు వచ్చింది. ఎంతమంది పాడారో గెస్ చేయండి. ఒక్కరే. ఒక మహిళ. పేరు సైంఖో నమ్‌చిలాక్. పోయినసారి షార్ట్‌లో ఇలాంటి ముక్క ఒకటి పెడితే కామెంట్స్‌లో సగం మంది "దెయ్యం పట్టిందా" అన్నారు, మిగతా సగం "ఇది పాటా?" అన్నారు. రెండూ మంచి ప్రశ్నలే, నవ్వుకోవడానికి కాదు. ఈరోజు మూడు విషయాలు చూద్దాం. ఈ శబ్దం ఎలా వస్తుంది? దీన్ని ఎవరు పాడాలి, ఎవరు పాడకూడదు అని ఎవరు డిసైడ్ చేశారు? అసలు "ఆడ గొంతు", "మగ గొంతు" అంటే ఏంటి?

ముందు ఫిజిక్స్, భయపడకండి

మీరు "ఆ..." అని ఒక శ్రుతిలో పట్టారనుకోండి. మీ స్వరతంత్రులు సెకనుకి 150 సార్లు కొట్టుకుంటున్నాయి అనుకుందాం, అంటే 150 హెర్ట్జ్. కానీ బయటకి వచ్చేది ఒక్క 150 మాత్రమే కాదు. దాంతోపాటు 300, 450, 600, 750... ఇలా మెట్లు మెట్లుగా పైకి వెళ్తాయి. వీటిని హార్మోనిక్స్ అంటారు. మనకి ఇవన్నీ కలిసి ఒకే శబ్దంగా వినిపిస్తాయి.

తంబురా పక్కన ఎప్పుడైనా కూర్చున్నారా? నాలుగే తీగలు, కానీ వాటి మీద తేనెటీగల గుంపు తిరుగుతున్నట్టు ఒక ఝంకారం లేస్తుంది. తీగ కింద చిన్న దారం ముక్క సర్ది ఆ ఝంకారాన్ని రప్పిస్తారు. అవే హార్మోనిక్స్. మన సి.వి. రామన్ గారు 1921లో తంబురా, వీణల మీద దీని గురించే పేపర్ రాశారు. నోబెల్ వచ్చింది కాంతి మీద చేసిన పనికి, కానీ అంతకుముందే ఆయన మన వాద్యాల్ని సీరియస్‌గా చదివారు.

గొంతు నుంచి వచ్చిన ఈ హార్మోనిక్స్ మొత్తం నోట్లోంచే బయటకి రావాలి కదా. నాలుక, పెదాలు, దవడ ఎలా పెట్టామన్న దాన్ని బట్టి నోరు కొన్నిటిని పెంచుతుంది, కొన్నిటిని తగ్గిస్తుంది. అలా పెరిగే చోట్లని ఫార్మంట్స్ అంటారు. "ఆ"కి, "ఈ"కి, "ఊ"కి తేడా అదే. ఈసీఈ వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, గొంతు ఆసిలేటర్, నోరు ఫిల్టర్.

ఇప్పుడు ఆ ఫిల్టర్‌ని చాలా సన్నగా చేసి ఒక్క హార్మోనిక్ మీదే పెడితే? ఆ ఒక్కటి గుంపులోంచి విడిపోయి ఈలలాగా విడిగా వినపడుతుంది. కింద శ్రుతి కదలదు, పైన ఈల మాత్రం పాట పాడుతుంది. 2020లో కొందరు పరిశోధకులు హున్-హూర్-తు అనే బృందం గాయకుల్ని రికార్డ్ చేశారు. వాళ్ళలో ఒకాయన్ని ఎంఆర్ఐ మెషిన్‌లో పడుకోబెట్టి పాడించారు కూడా. మామూలుగా విడివిడిగా ఉండే రెండో ఫార్మంట్, మూడో ఫార్మంట్ ఒక దగ్గరికి వచ్చి కలిసిపోతున్నాయని, 1500 నుంచి 2000 హెర్ట్జ్ ప్రాంతంలో ఒక సూదిలాంటి శిఖరం ఏర్పడుతుందని తేల్చారు. ఇదంతా నాలుకని మిల్లీమీటర్ల లెక్కలో కదుపుతూ చేసే పని.

సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇంకో మాట. మూలశ్రుతి 150 అయితే 8, 9, 10, 12వ హార్మోనిక్స్ 1200, 1350, 1500, 1800 దగ్గర పడతాయి. 8ని స అనుకుంటే మిగతావి రి, గ, ప. అంటే మోహన రాగంలో ద తీసేస్తే మిగిలేవి! అందుకే మొదటిసారి విన్నా కూడా ఎక్కడో తెలిసిన పాటలా అనిపిస్తుంది. ఆ స్వరాల్ని ఎవరూ తయారుచేయలేదు, శబ్దంలోనే ఉన్నాయి.

చిన్న ప్రయోగం చేయండి. ఫోన్‌లో ఏదైనా ఫ్రీ స్పెక్ట్రోగ్రామ్ యాప్ వేసుకోండి. ఒకే శ్రుతిలో "ఊ" అని మొదలుపెట్టి చాలా మెల్లగా "ఈ" వైపు జరగండి. స్క్రీన్ మీద అడ్డగీతలు కనపడతాయి, అవే హార్మోనిక్స్. మీరు నోరు మారుస్తున్నకొద్దీ వెలుగు ఒక గీత నుంచి ఇంకో గీత మీదకి పాకుతుంది. గొంతు నొప్పి అనిపిస్తే మాత్రం వెంటనే ఆపేయండి. బలవంతంగా గురగురలాడించొద్దు.

తువా ఎక్కడుంది?

మంగోలియాకి పైన, సైబీరియా దక్షిణాన, ఇప్పుడు రష్యాలో భాగంగా ఉన్న చిన్న రిపబ్లిక్ తువా. 1921 నుంచి 1944 దాకా పేరుకి స్వతంత్ర దేశం. అప్పుడు త్రికోణం, డైమండ్ ఆకారాల్లో పోస్టల్ స్టాంపులు వేసేది. ఫైన్‌మన్ లెక్చర్స్ పేరు విన్నారు కదా, ఆ రిచర్డ్ ఫైన్‌మన్ చిన్నప్పుడు చూసిన ఆ స్టాంపుల్ని మర్చిపోలేక, పెద్దయ్యాక ఎలాగైనా తువా వెళ్ళాలని ఏళ్ళ తరబడి ట్రై చేశాడు. సోవియట్ ఆఫీసుల నుంచి పర్మిషన్ రాలేదు. 1988లో ఆయన చనిపోయాక ఆహ్వానం వచ్చింది.

అక్కడి పశువుల కాపరులు గొంతుతో నదిని, గాలిని, గుర్రం నడకని అనుకరిస్తారు. ఆ కళకి పేరు ఖోమెయ్. అందులో మూడు ముఖ్యమైన పద్ధతులున్నాయి. మెత్తగా ఉండేదాన్ని కూడా ఖోమెయ్ అనే అంటారు. ఈల బాగా పదునుగా వచ్చేది సిగిత్. గుహలోంచి వచ్చినట్టు లోతుగా ఉండేది కార్గిరా. కార్గిరాలో ఇంకో ట్రిక్ ఉంది. స్వరతంత్రులకి కాస్త పైన ఇంకో జత మడతలు ఉంటాయి, మామూలు మాటల్లో వాటికి పనే ఉండదు. వాటిని కూడా కదిలిస్తారు. కింది మడతలు రెండుసార్లు కొట్టుకుంటే పైవి ఒకసారి కొట్టుకుంటాయి. ఫలితంగా అసలు శ్రుతి కంటే ఒక స్థాయి కింద శబ్దం వస్తుంది. కాబట్టి ఎంత సన్న గొంతు ఉన్నవాళ్ళైనా ఒక్కసారిగా "మగ గొంతు" ప్రాంతంలోకి దిగిపోవచ్చు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

తువా వాళ్ళ నమ్మకంలో కొండకి, నీటికి, చెట్టుకి ఆత్మ ఉంటుంది. దాని శబ్దాన్ని అనుకరించడం అంటే దాన్ని పలకరించడం లాంటిది. ఇక ఆత్మలతో నేరుగా మాట్లాడే మనిషిని ఖామ్ అంటారు, మనం షమన్ అనే మాట విని ఉంటాం. డప్పు కొడుతూ, పక్షులలాగా జంతువులలాగా అరుస్తూ ఆ స్థితిలోకి వెళ్తారు. మన జాతర్లలో పూనకం చూసినవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు. కాకపోతే రెండింటినీ ఒకటి చేసేయొద్దు. ఖోమెయ్ ఎక్కువగా కాపరుల పాట, ఖామ్ చేసేది క్రతువు. 1930ల నుంచి ఖామ్‌ల మీద అణచివేత బాగా జరిగింది. సోవియట్ యూనియన్ పోయాకే ఆ డప్పులు మళ్ళీ బహిరంగంగా మోగాయి.

"ఆడవాళ్ళు పాడకూడదు"

ఇక్కడే అసలు గొడవ. తువాలో ఆడవాళ్ళు ఖోమెయ్ పాడకూడదనే కట్టుబాటు ఉండేది. పాడితే పిల్లలు పుట్టరు, ఇంట్లో మగవాళ్ళకి కీడు జరుగుతుంది అనేవాళ్ళు. తమాషా చూడండి, ఆడవాళ్ళు ఖామ్ కావచ్చు! ఆత్మల్ని పిలవొచ్చు, రోగాన్ని దింపొచ్చు, కానీ గొంతుతో ఈల వేయకూడదు.

దీనికి శరీరం కారణమా? కాదు. సౌత్ ఆఫ్రికాలో షోసా తెగవాళ్ళలో ఉమ్న్‌గొకొలో అనే ఓవర్‌టోన్ పాట ఉంది. అది పాడేది ఆడవాళ్ళే, అమ్మాయిలే. అదే మనిషి గొంతు, అదే ఫిజిక్స్. ఒక చోట "ఆడవాళ్ళు చేయకూడదు", ఇంకో చోట "ఇది ఆడవాళ్ళదే". కాబట్టి రూల్ గొంతులో లేదు, ఊళ్ళో ఉంది.

సైంఖో నమ్‌చిలాక్ 1957లో తువాలో పుట్టింది. సంగీతం చదువుకుంది, మాస్కో వెళ్ళింది, ప్రభుత్వ జానపద బృందంలో పాడింది. ఆడవాళ్ళకి కాదన్న ఖోమెయ్‌ని తను నేర్చుకుంది, సైబీరియా తెగల క్రతువుల పాటల్ని కూడా చదువుకుంది. తర్వాత ఫ్రీ జాజ్ వాళ్ళతో కలిసింది. ఫ్రీ జాజ్ అంటే ముందే రాసుకున్న పాట ఉండదు, అక్కడికక్కడే అల్లుకుంటూ పోవడమే. 1990ల మొదట్లో వచ్చిన "లాస్ట్ రివర్స్" ఆల్బమ్‌లో వాద్యాలు లేవు, ఒక్క ఆమె గొంతే. అందంగా పాడాలన్న ఆలోచనే పక్కన పెట్టేసింది. అరుపు, ఏడుపు, ముసలితనం, పిల్లతనం, జంతువు, అన్నీ వస్తాయి. 2000లో వచ్చిన "స్టెప్‌మదర్ సిటీ" కాస్త సులువు, బీట్స్ ఉంటాయి. కొత్తవాళ్ళు దానితోనే మొదలుపెట్టండి.

ఆమె చేసిన దానికి తువాలో అందరూ చప్పట్లు కొట్టలేదు. సంప్రదాయం వైపు వాళ్ళకి ఆడది పాడటమే నచ్చలేదు, మిగతావాళ్ళకి ఇంత విచిత్రంగా పాడటం నచ్చలేదు. కానీ తలుపు ఒకసారి తెరుచుకుంది. 1998లో చోదురా తుమత్ అనే గాయని "తివా కిజీ" అనే బృందం పెట్టింది. పేరుకి అర్థం తువా కూతుళ్ళు. అందరూ ఆడవాళ్ళే, పాడేది ఖోమెయ్. వాళ్ళది ప్రయోగం కాదు, పక్కా సంప్రదాయమే. నా దృష్టిలో రెండూ రెండు రకాల ధైర్యాలు. ఒకరు గోడ దూకి బయటకి వెళ్ళారు, ఇంకొకరు లోపలే ఉండి "ఈ ఇల్లు మాది కూడా" అన్నారు.

ఎదురెదురుగా ఇద్దరు ఆడవాళ్ళు

ఇప్పుడు మ్యాప్ మీద కెనడా పైకి వెళ్దాం, ఆర్కిటిక్. అక్కడి ఇన్యూట్ ప్రజల్లో కతాజ్జాక్ అనే గొంతు ఆట ఉంది. దీన్ని కూడా ఇంగ్లీషులో త్రోట్ సింగింగే అంటారు కానీ టెక్నిక్ వేరు. ఇక్కడ ఈల ఉండదు. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా, చాలా దగ్గరగా, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని నిలబడతారు. ఒకరు చిన్న ముక్క మొదలుపెడితే రెండోవాళ్ళు అర క్షణం ఆలస్యంగా అందుకుంటారు. శ్వాస వదిలేటప్పుడు ఒక శబ్దం, పీల్చేటప్పుడు ఇంకో శబ్దం. స్పీడ్ పెరిగేకొద్దీ ఎవరిది ఏదో తెలియదు. ఊపిరి అందకో, నవ్వు ఆపుకోలేకో ముందు ఎవరు ఆపితే వాళ్ళు ఓడినట్టు. అంటే ఈ కళలో ప్రతి పాటా నవ్వుతో ముగుస్తుంది. ఇంత మంచి ఎండింగ్ ఏ సంగీతానికి ఉంది చెప్పండి!

దీన్ని మిషనరీలు చాలా చోట్ల ఆపించారు. ఒక తరం పాడటం మానేస్తే తర్వాత తరానికి అసలు తెలియదు. ముసలమ్మల దగ్గర మిగిలిన దాన్ని మళ్ళీ నేర్చుకుని బతికించుకున్నారు. 2014లో క్యుబెక్ ప్రభుత్వం కతాజ్జాక్‌ని తమ అమూర్త వారసత్వ సంపదగా ప్రకటించింది, ఆ జాబితాలో అదే మొదటిది.

తాన్యా తగాక్ 1975లో నునావుట్‌లోని కేంబ్రిడ్జ్ బేలో పుట్టింది. ఆర్ట్ కాలేజీలో చదవడానికి దూరంగా హాలిఫాక్స్ వెళ్ళినప్పుడు వాళ్ళ అమ్మ కతాజ్జాక్ టేపులు పంపించింది. వినగానే నేర్చుకోవాలనిపించింది. కానీ ఎదురుగా నిలబడటానికి ఇంకో మనిషి లేదు. కాబట్టి రెండు గొంతులూ తనే పాడటం మొదలుపెట్టింది. ఆమె స్టైల్ మొత్తం ఆ ఒంటరితనంలోంచే పుట్టింది. తర్వాత బ్యోర్క్ 2004లో చేసిన "మెడుల్లా" ఆల్బమ్‌లో పాడింది, క్రోనోస్ క్వార్టెట్‌తో పనిచేసింది. ఇద్దరు ఆడాల్సిన ఆట ఒక్కరే పాడితే అది కతాజ్జాక్ ఎలా అవుతుంది అన్న ప్రశ్న ఇక్కడ సహజంగానే వస్తుంది, న్యాయమైన ప్రశ్నే.

ఆమె చేసిన ఒక పని నాకు చాలా ఇష్టం. 1922లో "నానూక్ ఆఫ్ ది నార్త్" అనే మూకీ సినిమా వచ్చింది, డాక్యుమెంటరీ చరిత్రలో చాలా పేరున్నది. అందులో హీరో గ్రామఫోన్ రికార్డ్‌ని కొరికి చూస్తాడు, ఏమీ తెలియని అమాయకుడిలాగా. అది నటింపజేసిన సీన్. ఆయన అసలు పేరు కూడా నానూక్ కాదు. తగాక్ ఈ సినిమాని స్టేజ్ వెనక తెర మీద వేసి, ముందు నిలబడి లైవ్‌లో గొంతుతో దానికి జవాబు చెప్తుంది. గురక, ఊపిరి, మూలుగు, కేక. ఒక్క మాట ఉండదు. కానీ ఎక్కడ కోపం వచ్చిందో, ఎక్కడ తన మనుషుల్ని చూసి ప్రేమ పొంగిందో మనకి స్పష్టంగా తెలిసిపోతుంది.

2014లో "ఆనిమిజం" ఆల్బమ్‌కి కెనడాలోని పొలారిస్ ప్రైజ్ వచ్చింది. ఆ వేడుకలో ఆమె పాడుతుంటే వెనక తెర మీద పేర్లు పైకి వెళ్తూనే ఉన్నాయి. మాయమైపోయిన, హత్యకి గురైన ఆదివాసీ ఆడవాళ్ళ పేర్లు, దాదాపు 1,200. అప్పుడు ఆ అరుపుని "దెయ్యం పట్టినట్టుంది" అనగలమా? 1,200 మందికి జరిగిన అన్యాయానికి తాళం, శ్రుతి కుదిరే పాట ఎలా ఉంటుంది మరి?

గొంతుకి లింగం ఉందా?

ఇప్పుడు అసలు ప్రశ్న. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆల్ఫ్రెడ్ వోల్ఫ్‌సోన్ అనే జర్మన్ యూదు కుర్రాడు గాయపడిన సైనికుల్ని మోసే పని చేశాడు. కందకాల్లో చనిపోతున్నవాళ్ళ కేకలు యుద్ధం అయిపోయాక కూడా చెవుల్లో ఆగలేదు. చివరికి ఆ కేకల్ని తన గొంతుతోనే బయటకి తీయడం మొదలుపెట్టాడు, అలా కోలుకున్నాడు. తర్వాత నాజీల నుంచి తప్పించుకుని లండన్ చేరి పాట నేర్పించాడు. ఆయన వాదన ఒక్కటే: సొప్రానో ఆడవాళ్ళకి, బాస్ మగవాళ్ళకి అని పంచడం గొంతుల సహజ గుణం కాదు, మనం పెట్టుకున్న అలవాటు. ప్రతి మనిషిలోనూ రెండూ ఉన్నాయి. ఆయన దగ్గర ఆడవాళ్ళు లోతుగా, మగవాళ్ళు సన్నగా పాడిన రికార్డింగులు 1956లో ఆల్బమ్‌గా వచ్చాయి. ఆయన శిష్యుడు రాయ్ హార్ట్ కోసమే పీటర్ మాక్స్‌వెల్ డేవీస్ 1969లో "ఎయిట్ సాంగ్స్ ఫర్ ఎ మ్యాడ్ కింగ్" రాశాడు. ఐదు స్థాయిలకి పైగా పరిధి, ఒకేసారి రెండు మూడు శబ్దాలు.

సైన్స్ ఏమంటుంది? యుక్తవయసులో టెస్టోస్టెరాన్ వల్ల స్వరతంత్రులు పొడవుగా, మందంగా అవుతాయి. సుమారుగా మగవాళ్ళు మాట్లాడే శ్రుతి 85 నుంచి 155 హెర్ట్జ్, ఆడవాళ్ళది 165 నుంచి 255 అని చెప్తారు. మధ్యలో గ్యాప్ ఎంత? పది హెర్ట్జ్! పైగా ఇవి మామూలు లెక్కలు, చాలామంది అటూ ఇటూ ఉంటారు. శ్రుతి ఒక్కటే కాదు, ఇందాక చెప్పిన ఫార్మంట్స్ కూడా ముఖ్యం. గొంతు నుంచి పెదాల దాకా ఉన్న గొట్టం పొడవు ఎక్కువైతే ఫార్మంట్స్ కిందకి దిగుతాయి, మన చెవి "మగ" అంటుంది. వీటి మీద మాటతీరు, సాగదీయడం, రాగం. ఇవన్నీ చుట్టూ ఉన్నవాళ్ళని చూసి నేర్చుకున్నవే.

ఇది ఎవరికి ముఖ్యమంటే, ట్రాన్స్ వాళ్ళకి. ట్రాన్స్ పురుషులు టెస్టోస్టెరాన్ తీసుకుంటే గొంతు దిగుతుంది. కానీ ట్రాన్స్ మహిళలు ఈస్ట్రోజెన్ తీసుకున్నా, ఒకసారి దిగిన గొంతు పైకి రాదు. అందుకే నెలల తరబడి సాధన చేస్తారు. శ్రుతి పెంచడం ఒక్కటే కాదు, నాలుక ముందుకి జరిపి, స్వరపేటిక పైకి తెచ్చి, ఫార్మంట్స్ మార్చాలి. ఫోన్‌లో పిచ్ యాప్ పెట్టుకుని గీతలు చూసుకుంటూ చేస్తారు. గమనించారా? తువా గాయకులు తిప్పే నాబ్స్ ఏవో, వీళ్ళు తిప్పే నాబ్స్ అవే.

సైంఖో, తాన్యా ట్రాన్స్ అని నేను చెప్పట్లేదు, వాళ్ళు మహిళలు. కానీ వాళ్ళ పాట వింటే ఒకటి తెలుస్తుంది. ఒకే మనిషి ఒకే నిమిషంలో "మగ", "ఆడ", "పిల్ల", "జంతువు" అన్నీ వినిపించగలిగితే, ఫోన్‌లో రెండు సెకన్లు విని అవతలి మనిషి ఎవరో తేల్చేసే మన నమ్మకం ఎంత గట్టిది?

మన దగ్గర 2014లో సుప్రీంకోర్టు నాల్సా తీర్పులో, తన జెండర్ ఏంటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే అంది. కార్డు మీద పేరు మారొచ్చు. కానీ ఒక ట్రాన్స్ మహిళ బ్యాంకుకి ఫోన్ చేసి తన పేరు చెప్తే, "సర్, మేడమ్ గారికి ఫోన్ ఇవ్వండి" అంటే? అప్పుడు కార్డు పనిచేయదు. ఆమె తన అకౌంట్‌లో తనే లేనట్టు అయిపోతుంది. జాబ్ చేసిన రోజుల్లో కాల్స్‌లో నేను చూసిందేంటంటే, వీడియో ఆఫ్‌లో ఉన్నప్పుడు మన దగ్గర ఉన్నది గొంతు ఒక్కటే, దాన్ని బట్టే మర్యాద కూడా పంచుతాం. చేయాల్సిన పని చాలా చిన్నది. పేరు ఏం చెప్పారో అదే పిలవండి. డౌట్ ఉంటే "మిమ్మల్ని ఎలా పిలవమంటారు?" అని అడగండి. అంతే.

మరి ఇది క్రతువా, కచేరీయా?

చివరి డౌట్. క్రతువులో రోగి ఉంటాడు, కుటుంబం ఉంటుంది, ఒక అవసరం ఉంటుంది. టికెట్ కొనుక్కున్న ప్రేక్షకుడికి అవేవీ లేవు. అందుకే స్టేజ్ మీద జరిగేదాన్ని పూజ అనను. కానీ క్రతువు నుంచి ఇవి ఒక ముఖ్యమైన పద్ధతి తీసుకున్నాయి. మామూలుగా మనిషి దాచుకునే శబ్దాల్ని అందరి ముందు, భయం లేకుండా, ఒక చోటు ఇచ్చి బయటకి రానివ్వడం. మన పల్లెల్లో ఏడాదంతా నోరు విప్పని ఆడవాళ్ళు జాతర రోజు ఊరందరి ముందు గట్టిగా అరుస్తారు. ఆ రోజు ఎవరూ "మెల్లగా మాట్లాడు" అనరు. సైంఖో, తాన్యా ఆ ఒక్క రోజుని సంవత్సరమంతా చేసుకున్నారు.

ఒక జాగ్రత్త. నేర్చుకోవడం తప్పు కాదు, కానీ ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెప్పండి. రీల్‌లో గురగురలాడించి "షమన్ మంత్రం" అని పెట్టడం, గ్రామఫోన్ కొరికించిన డైరెక్టర్ చేసిన పనికి పెద్ద దూరం కాదు.

వినాలంటే ఈ వరసలో వెళ్ళండి: ముందు హున్-హూర్-తు, తర్వాత తివా కిజీ, తర్వాత "స్టెప్‌మదర్ సిటీ", ఆఖరున "ఆనిమిజం". రాత్రి ఫుల్ వాల్యూమ్‌లో పెట్టకండి, ఇంట్లోవాళ్ళు నిజంగానే భయపడతారు. "ఊ" నుంచి "ఈ"కి జరిగినప్పుడు మీ స్పెక్ట్రోగ్రామ్‌లో ఎన్ని గీతలు కనపడ్డాయో స్క్రీన్‌షాట్ తీసి కామెంట్స్‌లో పెట్టండి. అందరి కంటే ఎక్కువ గీతలు వచ్చినవాళ్ళ స్క్రీన్‌షాట్ నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూపిస్తాను. ఉంటానండీ, బై.